ట్యాంకర్ బోల్తా పడ్డాక మా బావి నీళ్లు వాసన వస్తున్నాయి. ఇది ఉత్త రోడ్డు ప్రమాదమేనా?

పాలమూరు చెలక (ప్రశ్న)

మాది జడ్చర్ల దాటి భూత్పూర్ వైపు పోతుంటే 44వ నంబరు హైవేను ఆనుకుని ఉన్న పల్లె. పేరు రాయడం లేదు, మా నాయన వద్దన్నాడు. రోడ్డు పక్కనే మాకు రెండున్నర ఎకరాల చెలక, అందులో మా తాత తవ్వించిన రాతికట్టు బావి ఉన్నాయి. నేను ఊళ్లో మీసేవలో పనిచేస్తాను. దరఖాస్తులు రాయడం నాకు కొత్త కాదు. ఈ ఒక్కటి మాత్రం ఎవరి పేరున రాయాలో పదకొండు రోజులుగా తెలియడం లేదు.

ఆ రోజు రాత్రి రెండు దాటింది. సన్నగా తుంపర పడుతోంది. పెద్ద చప్పుడు వినపడితే నాయన, నేను లేచి ఉరికాం. సర్వీస్ రోడ్డు కలిసే మలుపు దగ్గర ఒక ట్యాంకర్ పక్కకు ఒరిగి మా కంచె మీద పడి ఉంది. పైమూత సందులోంచి నీళ్లలాంటిది ధారగా కారుతోంది. రంగు లేదు. వాసన మాత్రం అప్పుడే రంగుల డబ్బా మూత తీసినట్టు వచ్చి నెత్తికెక్కింది. డ్రైవర్ కాలు విరిగింది. 108కి ఫోన్ చేసి పంపించాం. ఇద్దరు పిల్లగాళ్లు పెట్రోల్ అనుకుని బాటిళ్లు పట్టుకుని వస్తే నాయన కట్టె తీసుకుని తరిమాడు. బీడీ ముట్టించబోయిన ఒకాయన చేతిలోంచి అగ్గిపెట్టె గుంజుకున్నాడు.

ఫైరింజన్ వచ్చి నీళ్లు కొట్టింది. మంట అంటుకోలేదు. అది వాళ్ల పుణ్యమే, కాదనను. కానీ ఆ నీళ్లతో కలిసి కారిందంతా మా పిల్లకాలువ పట్టింది. కాలువ నుంచి బావికి అరవై అడుగులు. నేను ఫోన్ లైటు వేసి చూస్తుండగానే అది రాళ్ల సందుల్లోంచి బావిలోకి దిగింది. పారతో మట్టి తీసి అడ్డం వేశాం కానీ అప్పటికే ఆలస్యమైంది.

పొద్దున తొమ్మిదికి క్రేన్ వచ్చింది. ఇంకో ట్యాంకర్ తెచ్చి మిగిలింది తోడుకున్నారు. జేసీబీతో రెండు ట్రిప్పుల మొరం తెచ్చి తడిసిన నేల మీద పరిచారు. పదకొండు కల్లా రోడ్డు మామూలుగా అయిపోయింది. ఇప్పుడు ఎవరైనా వచ్చి చూస్తే అక్కడ కొత్త మొరం తప్ప ఏమీ కనపడదు.

మూడో రోజు మోటరు వేసి నారుమడికి నీళ్లు పెట్టాం. రెండెకరాలకు సరిపోయేలా పోసిన తెలంగాణ సోనా నారు అది, అప్పటికి పన్నెండు రోజులది. నీళ్లు దూరిన మూల నుంచి మొదలై కొసలు ఎర్రబారి ఐదో రోజుకు సగం మడి పడిపోయింది. తొట్లో పోస్తే బర్రె మూతి పెట్టి, వాసన చూసి, వెనక్కి జరిగింది. దాహంతో ఉన్న బర్రె అట్లా జరగడం నేను ఎప్పుడూ చూడలేదు. బావి మీద ఎండ పడ్డప్పుడు నీటిపైన సన్నటి పొర రంగులు తిరుగుతూ కనపడుతోంది. మా బావికి దిగువన ఇంకో ఇద్దరి బోర్లు ఉన్నాయి. అందులో ఒక బోరు నీళ్లు వాళ్లు తాగుతారు.

స్టేషన్‌లో అడిగితే ఇది రోడ్డు ప్రమాదం కేసు, ఇన్సూరెన్స్ వాళ్లు చూసుకుంటారు అన్నారు. తహసీల్‌లో కాలుష్యం వాళ్లను అడగమన్నారు. అక్కడికి ఫోన్ చేస్తే ట్యాంకర్‌లో ఏముందో ముందు చెప్పమన్నారు. ట్యాంకర్‌లో ఏముందో చెప్పాల్సింది నేనా? రవాణా కంపెనీ తరఫున అని ఒకాయన ఇంటికొచ్చి పదిహేను వేలు ఇస్తామని, రాసి తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టమని నాయనను అడిగాడు. నేను పెట్టనివ్వలేదు.

నా దగ్గర ఉన్నది ఒక్క ఫోటో. ట్యాంకర్ వెనక నారింజ రంగు పలక, అందులో నాలుగంకెల నంబరు. మట్టి కొట్టుకుని 1, 2, తర్వాత ఒకటి కనపడదు, చివర 4. కానిస్టేబుల్ చేతిలో బిల్లు దూరం నుంచి చూశాను. "మిక్స్‌డ్ సాల్వెంట్" అని ఉంది.

ఈ బావిని కడగాల్సింది ఎవరు? ఆ పదిహేను వేలు తీసుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి, పెద్ద టెన్షన్‌గా ఉంది.

నకిరేకల్ స్టీరింగ్

చెల్లె, నేను పద్నాలుగేళ్లుగా ట్యాంకర్ నడుపుతున్నా. 65, 44 రెండు హైవేలూ తిరిగాను. ముందు మీ నాయనకు దండం పెడుతున్నా. ఆ అగ్గిపెట్టె గుంజుకోకపోతే ఈ రోజు నువ్వు ఈ ప్రశ్న రాసేదానివి కాదు.

ఆ నారింజ పలక సంగతి. ప్రమాదకరమైన సరుకు మోసే బండికి ఆ పలక తప్పనిసరి. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 129 నుంచి 137 దాకా అంతా దీని గురించే. నాలుగంకెలు సరుకుకు అంతర్జాతీయంగా ఇచ్చిన నంబరు. పెట్రోల్ అయితే 1203, డీజిల్ 1202, కిరోసిన్ 1223. నీ ఫోటోలో మూడో అంకె 9 అయితే 1294, అంటే టోలీన్. 2 అయితే 1224, అది కీటోన్ల జాతి. 7 అయితే 1274, ప్రొపనాల్. రంగు డబ్బా వాసన అన్నావు కాబట్టి నాకు టోలీన్ మీదే అనుమానం. కానీ వాసనతో తేల్చొద్దు. పలక మీద ఒకటి ఉండి లోపల ఇంకొకటి ఉన్న బళ్లు నేను చూశాను.

డ్రైవర్ క్యాబిన్‌లో ట్రెమ్ కార్డు అని ఒక కాగితం ఉండాలి. లోపల ఏముంది, ఒలికితే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. ఫైరింజన్ వాళ్ల చేతికి ఆ కార్డు వచ్చి ఉంటే నీళ్లు కొట్టాలా, నురుగు కొట్టాలా, ఇసుక వేయాలా అప్పుడే తేలిపోయేది. ప్రమాదం జరిగితే దగ్గరి స్టేషన్‌కు చెప్పడం డ్రైవర్ బాధ్యత అని 136వ నియమం. కాబట్టి స్టేషన్‌లో ఆ కార్డు, బిల్లు రెండూ ఉండాలి. కాపీ అడుగు.

ఇంకొక మాట, మనసులో పెట్టుకో. సరుకు వేరు, వ్యర్థం వేరు. సరుకు తోలితే మాకు బిల్లు, ఈ-వే బిల్లు ఇస్తారు. ఫ్యాక్టరీ వ్యర్థం తోలితే మ్యానిఫెస్ట్ అని రంగురంగుల కాపీలు ఇవ్వాలి, ఏడు ఉంటాయి. తెల్లది, పసుపుది, గులాబీది, అట్లా. ఒకటి కాలుష్య నియంత్రణ బోర్డుకు, ఒకటి పంపినవాళ్లకు, ఒకటి మాకు, ఒకటి దించుకున్నవాళ్లకు. ఆ కాపీలు లేకుండా రాత్రిపూట వ్యర్థం తోలమని అడిగినవాళ్లు నాకు తగిలారు. కిరాయి డబుల్, చేతికే డబ్బులు. నేను పోలేదు. పోయినవాళ్లు ఎక్కడ దించారో నన్ను అడగకు, వాగులే చెప్తాయి.

నల్గొండ నీళ్ల పరీక్ష

అమ్మా, నేను ఇరవై ఆరేళ్లు నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. దయచేసి ఎవరూ బావిలోకి దిగవద్దు. పూడిక చూద్దామని, మోటరు పైకి తీద్దామని కూడా దిగవద్దు. ఈ సాల్వెంట్ల (రంగులు, రసాయనాలు కరిగించే ద్రవాల) ఆవిరి గాలికంటే బరువు. బావి అడుగున నిలిచి ఉంటుంది. దిగినవాడు కళ్లు తిరిగి పడితే అతన్ని తీయబోయినవాడూ పడతాడు. మోటరు స్విచ్ కూడా వేయవద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ నీళ్లు తోడి కాలువలోనో కుంటలోనో పారబోయవద్దు. దిగువ బోరు నీళ్లు తాగేవాళ్లకు ఈ రోజే చెప్పి మానిపించండి.

ఇక పరీక్ష. మన జిల్లాల్లో నీళ్ల పరీక్ష అంటే ఫ్లోరైడ్, టీడీఎస్ (కరిగిన లవణాలు), పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం). మర్రిగూడ వైపు నుంచి వచ్చే సీసాలు చూసి చూసి మా కళ్లు కూడా ఆ మూడింటికే అలవాటు పడ్డాయి. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిందా లేదా, అంతే. మీ బావి నీళ్లకు ఆ పరీక్షలు చేస్తే అన్నీ బాగానే ఉన్నాయని రిపోర్టు రావచ్చు. సాల్వెంట్ ఆ మూడింటిలో దేనికీ చిక్కదు. ఆ రిపోర్టు రేపు మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది. కాబట్టి "వోలటైల్ ఆర్గానిక్స్" (ఆవిరయ్యే రసాయనాల) పరీక్ష, గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం మీద చేయమని మాటకు మాట రాసి అడగండి. దాంతోపాటు సీఓడీ (నీళ్లలో రసాయన కాలుష్యం కొలత), మినరల్ ఆయిల్ కూడా అడగండి. తాగే నీళ్ల ప్రమాణం ఐఎస్ 10500లో మినరల్ ఆయిల్‌కు కూడా హద్దు ఉంది.

సీసా గాజుదే ఉండాలి. ప్లాస్టిక్ సీసా సాల్వెంట్‌ను తనే పీల్చుకుంటుంది. అంచు దాకా నింపి గాలి బుడగ లేకుండా మూత పెట్టాలి, ఐస్ పెట్టెలో పెట్టి వెంటనే పంపాలి. రాయి కట్టిన తాడుతో సీసా దింపి పైనీళ్లు ఒకటి, కింది నీళ్లు ఒకటి తీయాలి. బావి మీదికి వంగకుండా దూరం నుంచే చేయండి. రోజులు గడిచేకొద్దీ ఇది ఆవిరై పోతుంది. పదకొండు రోజులు అయిందంటే ఇప్పటికే కొంత సాక్ష్యం గాలిలో కలిసిపోయింది. నేల లోపలికి ఇంకింది మాత్రం అంత తొందరగా పోదు. మొరం కింద మట్టిని కూడా తీయించాలి. దానితోనే మీ కేసు నిలబడుతుంది.

మీరు సొంతంగా తీయించిన శాంపిల్ అధికారులను కదిలించడానికి పనికొస్తుంది. కోర్టులో నిలబడేది బోర్డు అధికారి తీసినది. 1974 నీటి చట్టం 21వ సెక్షన్‌లో దానికి పద్ధతి ఉంది. అవతలివాళ్లకు నోటీసు ఇవ్వాలి, శాంపిల్ రెండు భాగాలు చేసి సీలు వేయాలి, సంతకాలు తీసుకోవాలి. వాళ్లు వచ్చినప్పుడు ఈ పద్ధతి పాటించారా అని మీరు దగ్గరుండి చూడండి. సిగ్గుపడకండి, అడగండి.

డ్రైవర్ గారు సరుకు వేరు, వ్యర్థం వేరు అన్నారు. అసలు కీలకం అదే. అది వ్యర్థమైతే 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాలు వర్తిస్తాయి. మందుల ఫ్యాక్టరీల్లో వాడేసిన సాల్వెంట్ ఆ నియమాల మొదటి షెడ్యూల్‌లో పేరుతో సహా ఉంది. మోటారు గ్యారేజీల పాత ఇంజన్ ఆయిల్ కూడా ఉంది, చాలామందికి తెలియదు. రవాణాలో ఒలికితే వెంటనే ఫోన్‌లోనో మెయిల్‌లోనో కాలుష్య నియంత్రణ మండలికి చెప్పి, తర్వాత ఫారం 11లో రిపోర్టు పంపాలని 22వ నియమం. పర్యావరణానికీ ఇతరులకూ జరిగిన నష్టానికంతా వ్యర్థం పుట్టించినవాళ్లు బాధ్యులని 23వ నియమం. బావిలోని నీళ్లు, తడిసిన మట్టి కూడా ఇక ప్రమాదకర వ్యర్థమే. వాటిని సక్షన్ ట్యాంకర్‌తో తోడి, మట్టి తవ్వి, మ్యానిఫెస్ట్ రాసి దుండిగల్ దగ్గరి శుద్ధి కేంద్రానికి పంపాలి. వాళ్లు చేసినట్టు మొరం కప్పడం శుభ్రం చేయడం కాదు, పూడ్చడం.

సరుకే అయితే మోటారు వాహన నియమాలతో పాటు 1991 పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం ఉంది. ప్రమాదకర పదార్థం నోటిఫై చేసిన పరిమాణం దాటి ఉంటే, తప్పు ఎవరిదని నిరూపించకుండానే కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి 5 ఏళ్లు. ఆ చట్టం చేసినప్పుడు దాని పట్టికలో ఆస్తి నష్టానికి గరిష్ఠంగా 6,000 రూపాయలే రాశారు. ఒక బావికి అదేం సరిపోతుంది? అయితే వేరే చట్టం కింద ఎక్కువ అడిగే హక్కు పోదని అందులోనే ఉంది.

ఆ వేరే చోటు నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్. మనకు చెన్నైలోని దక్షిణ బెంచ్. 2010 చట్టం 15వ సెక్షన్ కింద పరిహారంతో పాటు బావిని బాగు చేయించమని కూడా అడగవచ్చు. అక్కడా 5 ఏళ్ల గడువే, అక్కడా తప్పు నిరూపించాల్సిన పని లేదు. అడిగిన పరిహారంలో ఒక శాతం ఫీజు, కనీసం వెయ్యి రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు.

జరిమానా వేశారని ఎవరైనా చెప్తే అక్కడితో ఆగిపోకండి. పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఇదివరకు ఐదేళ్ల దాకా జైలు ఉండేది. 2023 జనవిశ్వాస్ సవరణతో, 2024 ఏప్రిల్ 1 నుంచి దాని చోట 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా వచ్చింది. అందులో ఒక్క రూపాయి కూడా మీ నారుమడికి రాదు. మీ పరిహారం మీరు విడిగా అడగాల్సిందే.

ఒక్క విషయం చెప్పి ఆపుతాను. సముద్రంలో చమురు ఒలికితే కోస్ట్‌గార్డ్ ఆధ్వర్యంలో 1996 నుంచి ఒక జాతీయ ప్రణాళిక ఉంది. అంత ఉన్నా 2017 జనవరిలో ఎన్నూర్ దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు మనుషులు బకెట్లతో తోడారు. నేల మీద ఒలికితే? అదే 1996లో వచ్చిన రసాయన ప్రమాదాల నియమాల కింద ప్రతి జిల్లాకూ కలెక్టర్ అధ్యక్షతన ఒక క్రైసిస్ గ్రూప్ ఉండాలి. పోలీసు, ఫైర్, రెవెన్యూ, కాలుష్య మండలి అందరినీ ఒకచోట కూర్చోబెట్టడానికే అది. మిమ్మల్ని మూడు చోట్లకు తిప్పారు చూడండి, ఆ తిప్పట ఉండకూడదనే ఆ నియమం రాశారు. మీ దరఖాస్తు ఆ గ్రూప్ అధ్యక్షుడి హోదాలో ఉన్న కలెక్టర్ పేరున రాయండి.

చౌటుప్పల్ బత్తాయి

అక్కా, ఆ సంతకం పెట్టనివ్వలేదు చూడు, ఎంత మంచి పని చేశావో నీకు తెలియదు. మా నాయన పెట్టాడు.

మాది బత్తాయి తోట, నూట ఎనభై చెట్లు. ఎగువన వాగులో రాత్రిపూట ఎవరో ట్యాంకర్ వదిలారు. పొద్దుటికి వాగంతా నురగ. నెల తిరిగేసరికి బోరు నీళ్లు లేత చాయ్ రంగులోకి మారాయి. ఒక మధ్యవర్తి వచ్చి ఇరవై వేలు చేతిలో పెట్టి కాగితం మీద సంతకం తీసుకున్నాడు. అందులో "ఇకపై ఎటువంటి క్లెయిమ్ లేదు" అని ఉందట. నాయన చదువుకోలేదు. మరుసటేడు చెట్లు కొస నుంచి ఎండుతూ వచ్చాయి. ఆఫీసుకు పోతే ఆ కాగితమే మా ముందు పెట్టారు. బత్తాయి చెట్టు కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. అట్లాంటివి నూటపది నరికాం. నాయన ఇప్పుడు తోట వైపు పోవడం మానేశాడు.

నల్గొండ సార్‌ను ఒకటి అడగాలి. బావి ఎప్పటికైనా బాగవుతుందా? మా బోరు ఇంకా అట్లాగే ఉంది.

నల్గొండ నీళ్ల పరీక్ష

తమ్ముడూ, నిజం చెప్తాను. సాల్వెంట్ ఒక్కసారి ఒలికింది అయితే, మట్టి తవ్వి నీళ్లు తోడితే బాగయ్యే అవకాశం ఎక్కువ. ఏళ్ల తరబడి వదిలిందైతే కష్టం. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిచ్రీ అనే ఊరుంది. హెచ్-యాసిడ్ (అద్దకం రంగుల్లో వాడే రసాయనం) తయారుచేసే ఫ్యాక్టరీల బురద నేలలోకి దిగి బావుల్లో నీళ్లు ఎర్రగా మారాయి. 1996లో సుప్రీంకోర్టు కలుషితం చేసినవాడే బాగుచేయాలని, జాగ్రత్త తీసుకున్నామన్నా బాధ్యత తప్పదని తీర్పు చెప్పింది. తర్వాత 37.385 కోట్లు కట్టమంది. వాళ్లు పిటిషన్ మీద పిటిషన్ వేస్తూ పోతే 2011లో గానీ ఆ విషయం తెగలేదు. ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసిన మన పటాన్‌చెరు నక్కవాగు కథ మీకందరికీ తెలిసిందే. నేను ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. మొదటి నెలలో కదిలితే మట్టి తవ్వడంతో పోయేది, వదిలేస్తే మనవల దాకా వస్తుందని చెప్తున్నాను.

మీ తండ్రి గారి సంతకం గురించి: ఆయనకు చదివి వినిపించకుండా తీసుకున్నారు కాబట్టి ఒకసారి వకీలుకు చూపించండి. అయిపోయిందని అనుకోవద్దు.

మిర్యాలగూడ ఖాతాలు

నేను రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను, రోజుకు ముప్పై ఈ-వే బిల్లులు తీస్తాను. రెండు విషయాలు.

డబ్బు సంగతిలో పైవాళ్లతో నాకు కొంచెం తేడా ఉంది. చేతిలో పైసా లేనప్పుడు వద్దనమని చెప్పడం తేలిక. నారు మళ్లీ పోయాలి, బర్రెకు నీళ్లు కొనాలి. వాళ్లు ఇస్తే తీసుకోండి, కానీ వాళ్ల కాగితం మీద కాదు. మీరే రసీదు రాయండి: నారుమడి, నీటి ఖర్చుల కింద తాత్కాలికంగా ఇంత ముట్టింది, మిగతా నష్టం అడిగే హక్కు అట్లాగే ఉంది అని. దానికి ఒప్పుకుంటే తీసుకోండి. ఒప్పుకోకపోతే వాళ్లు కొనేది మీ సంతకాన్నే అని తెలిసిపోతుంది.

రెండోది ఆ బిల్లు. బిల్లులో హెచ్ఎస్ఎన్ కోడ్ (జీఎస్టీ కోసం సరుకు రకానికి ఇచ్చే నంబరు) ఉంటుంది. 3825తో మొదలైతే అది వ్యర్థాల పద్దు, వాడేసిన సాల్వెంట్లు అందులోకే వస్తాయి. 3814 అయితే థిన్నర్, కొత్త సరుకు కింద లెక్క. 2902 30 అయితే అచ్చమైన టోలీన్. పేరు ఏదైనా రాయవచ్చు కానీ రేటు అబద్ధం చెప్పడం కష్టం. లీటరు రేటు ఎంత వేశారో చూడండి. కొత్త సాల్వెంట్ రేటుకూ దానికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంటే అది సరుకు కాదు. పంపినవాళ్ల పేరు, దించుకునేవాళ్ల పేరు కూడా అందులోనే ఉంటాయి. దించుకునేవాళ్లకు వాడేసిన సాల్వెంట్ తీసుకోవడానికి బోర్డు అనుమతి ఉందా అని సమాచార హక్కు కింద పది రూపాయలతో అడగవచ్చు, 30 రోజుల్లో చెప్పాలి.

మీసేవలో ఉన్నారు కాబట్టి మీకు చెప్పనక్కర్లేదు గానీ, ఎఫ్ఐఆర్ కాపీ, పంచనామా, పాసుపుస్తకం జిరాక్స్ పెట్టండి. పంట నష్టం ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి)తో రాయించండి. బర్రెను పశువుల డాక్టరుకు చూపించి చీటీ తీసుకోండి.

పాలమూరు చెలక

అందరికీ చేతులెత్తి దండం. మీరు చెప్పినవి చెప్పినట్టు చేశాను. తొమ్మిది రోజులు అయింది కాబట్టి ఏం జరిగిందో రాస్తున్నాను.

ఆ రాత్రే దిగువ బోరు ఇంటికి పోయి నీళ్లు మానిపించాను. మోటరు ఫ్యూజు నాయన తీసి ఇంట్లో పెట్టాడు. బావి చుట్టూ ముళ్లకంప వేశాం. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయి రెండు పేజీల దరఖాస్తు ఇచ్చాను. "రోడ్డు ప్రమాదం" అనే మాట ఎక్కడా రాయలేదు. "ప్రమాదకర రసాయనం ఒలకడం వల్ల బావి, భూమి కలుషితం" అని పైన రాసి, కింద 22, 23 నియమాలు, 1996 క్రైసిస్ గ్రూప్ నియమం రాశాను. బల్ల దగ్గరి సార్ మొదటి పేజీ చదివి, "ఇది ఎవరు రాసిచ్చారమ్మా" అని అడిగాడు. నేనే రాశానని చెప్పాను.

గురువారం ఇద్దరు అధికారులు వచ్చారు. బావిలో రెండు, దిగువ బోరులో ఒకటి, కాలువ మట్టి ఒకటి తీశారు. మొదట ప్లాస్టిక్ క్యాన్ తీస్తే నేను గాజు సీసా అడిగాను. వాళ్ల బండిలో ఉన్నాయి, తెచ్చారు. మొరం తీయకుండా మట్టి తీసుకుంటామంటే నాయన ఏమీ మాట్లాడకుండా గడ్డపార తీసుకుని రెండడుగులు తవ్వాడు. వాసన అందరికీ వచ్చింది. ఆ అధికారుల్లో ఒకామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఇన్ని రోజులకు కూడానా" అంది. సీలు మీద నాయన సంతకం పెట్టాడు. ఈ సంతకం పెట్టనిచ్చాను.

స్టేషన్‌లో బిల్లు కాపీ ఇచ్చారు. ట్రెమ్ కార్డు లేదట. కోడ్ 3814 అని ఉంది, అంటే థిన్నర్. రేటు లీటరుకు 11 రూపాయలు. మిర్యాలగూడ అన్నా, మీరు చెప్పింది చూశాక నాకు చేతులు వణికాయి. దించుకునేవాళ్ల అనుమతి గురించి సమాచార హక్కు దరఖాస్తు నిన్ననే రిజిస్టర్ పోస్టులో వేశాను. పదిహేను వేల ఆయనకు మీరు చెప్పిన రసీదు రాసి చూపించాను. చదివి, ఫోన్ చేసి చెప్తానని పోయాడు, ఇంకా చేయలేదు.

పక్క చేను వాళ్లు వాళ్ల మడిలో ఒక మూల మాకు నారు పోసుకోనిచ్చారు. నీళ్లు వాళ్లవే. చౌటుప్పల్ తమ్ముడూ, నీ పోస్టు నాయనకు చదివి వినిపించాను. నూటపది చెట్లు అన్న దగ్గర ఆపమన్నాడు. మీ నాయన కాగితం ఫోటో నాకు పంపితే దరఖాస్తు నేను టైప్ చేసి ఇస్తాను.

నకిరేకల్ అన్నా, మీకు ఒక పని. పలక ఫోటో పెద్దది చేసి మళ్లీ పెడుతున్నాను. మూడో అంకె దగ్గర మట్టి కింద పాత స్టిక్కర్ అంచు ఒకటి కనపడుతోంది, దాని మీద ఇంకోటి అతికించినట్టుంది. ఇట్లాంటివి చూసిన కన్ను మీది. ఒకసారి చూసి చెప్పండి.